మీ చేపలు పనిచెయ్యట్లేదు

మంగళవారం సాయంత్రం మా బావగారి నుంచి ఫోన్ వచ్చిందంటే విషయం నాకు ముందే తెలిసిపోతుంది. ఇంటిలోను ఆఖరి వాయిదా కట్టినవాడి గొంతులో ఉండే తృప్తి ఆయన గొంతులో ఉంటుంది. "ఒరేయ్, ఇంకోటి పోయిందిరా. గండం గడిచింది."

పోయింది చేప. ఆ ఇంట్లో చేప చచ్చిపోదు, దిష్టి తీసుకుని వెళ్ళిపోతుంది.

శాస్త్రం మీకూ తెలిసే ఉంటుంది. హాల్లో ఈశాన్యాన గాజుతొట్టి, అందులో తొమ్మిది గోల్డ్ ఫిష్‌లు. ఎనిమిది బంగారు రంగువి, ఒకటి నల్లది. ఇంటికి రావాల్సిన కీడు దారి తప్పి చేప మీద పడుతుంది. పడగానే అదే రంగు చేపని తెచ్చి ఖాళీ భర్తీ చెయ్యాలి. ప్రభుత్వోద్యోగాల్లో కూడా ఇంత త్వరగా భర్తీ జరగదు.

మొదటి నెల లెక్క నేను రాసిపెట్టాను. పదకొండు. ఒక నల్లది బావగారి ట్రాన్స్‌ఫర్‌ని పట్టుకుపోయింది. రెండు బంగారువి మా మేనకోడలి ర్యాంకు కోసం అమరులయ్యాయి, ర్యాంకు వచ్చాక రెండు చాల్లేదని తేలింది. ఒకటి కొత్త కారు మీది కన్ను. మిగిలిన ఏడూ దేనికి పోయాయో ఇంకా ఆరా తీస్తున్నారు. నెలకి పదకొండు గండాలున్న కుటుంబానికి పిల్లనిచ్చామా అని మా అమ్మకి ఒకటే టెన్షన్.

ఇంతకీ మంగళవారమే ఎందుకు పోతున్నాయి? కుజుడి వారం కదా అన్నారు బావగారి వాస్తు సిద్ధాంతిగారు. నేనూ కొంచెం పరిశోధన చేశాను. ఆదివారం బావగారికి సెలవు. సెలవునాడు ఆయన తొట్టి కడుగుతారు. చేపల్ని బకెట్లో పడేసి, రాళ్ళని బియ్యం కడిగినట్టు నాలుగు నీళ్ళు పోసి కడిగి, ఫిల్టర్లో స్పాంజిని కుళాయి కింద పెట్టి తెల్లబడేదాకా పిండుతారు. ఆ స్పాంజిలో గోధుమరంగు జిగురు మురికి కాదు మహాప్రభో! చేప మొప్పల్లోంచి అమ్మోనియా వదులుతుంది. ఆ జిగురులో ఉండే బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్ చేస్తుంది, ఇంకో రకం బ్యాక్టీరియా నైట్రైట్‌ని నైట్రేట్ చేస్తుంది. మొదటి రెండూ విషం, మూడోది మొక్కలకి ఎరువు. ఈ బ్యాక్టీరియా కుదురుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. బావగారు వారానికోసారి క్లోరిన్ కలిసిన కుళాయి నీళ్ళతో దాని వంశం తుడిచిపెడతారు. సోమవారం అమ్మోనియా చేరుతుంది, మంగళవారం కుజుడొస్తాడు.

ఒకసారి నీళ్ళల్లో అమ్మోనియా చూసే నా టెస్ట్ కిట్ పట్టుకెళ్ళాను. చిన్న గాజుగొట్టంలో తొట్టినీళ్ళు పోసి, చుక్కలు వేసి, అందరం సోఫాలో కూర్చుని ఎదురుచూశాం. రంగు పసుపుంటే క్షేమం, ఆకుపచ్చకి తిరిగేకొద్దీ ప్రమాదం. ఐదు నిమిషాల్లో గొట్టం గోంగూర రంగుకి వచ్చింది. నేను తల పట్టుకున్నాను. సిద్ధాంతిగారు గొట్టాన్ని దీపం వెలుగులో అటూ ఇటూ తిప్పి చూసి, "ఆకుపచ్చ బుధుడి రంగు. వ్యాపారానికి చాలా మంచిది," అన్నారు. బావగారు వెంటనే మ్యూచువల్ ఫండ్ యాప్ తెరిచారు. అక్క ఆ గొట్టాన్ని దేవుడి గదిలో పెట్టొచ్చా అని అడిగింది.

అప్పుడే ఒక చేప పైకొచ్చి నోరు తెరిచి కొట్టుకుంటోంది. మొప్పలు ఎర్రగా కాలిపోయి ఉన్నాయి. "చూడు, నన్ను గుర్తుపట్టింది," అని బావగారు ఇంకో చిటికెడు మేత వేశారు. ఆ మేత కుళ్ళితే మళ్ళీ అమ్మోనియా.

ఇక్కడ నాకు నవ్వు రాదు. గోల్డ్ ఫిష్‌ని సరిగ్గా చూసుకుంటే పదేళ్ళు దాటి బతుకుతుంది, జానెడు పెరుగుతుంది. రెండడుగుల పొడవు, 54 లీటర్ల తొట్టిలో తొమ్మిదింటిని కుక్కి, వాటి ఉచ్చలో వాటినే ముంచి చంపి, పైగా అది మన కోసం ప్రాణత్యాగం చేసిందని చెప్పుకోవడానికి సిగ్గుండాలి. కీడు ఏ దిక్కు నుంచీ రాలేదు. ఆదివారం పొద్దున లుంగీ ఎగ్గట్టుకుని బాత్రూంలోంచి వచ్చింది. అక్క ఇది చదువుతుందని తెలుసు. చదవనీ.

నా తొట్టీ రెండడుగులదే. అడుగున మట్టి, చెక్కకి దారంతో కట్టిన జావా ఫెర్న్ అనే నీటిమొక్క (దాని దుంపని మట్టిలో పూడిస్తే కుళ్ళిపోతుంది), ముందు క్రిప్టోకొరైన్ అనే ఇంకో మొక్క. ఇది నీళ్ళు మారిన అలకతో మొదటి వారంలోనే ఆకులన్నీ కరిగించేసుకుని, నెల తర్వాత ఏమీ ఎరగనట్టు చిగురేసింది. రోటాలా అనే మూడో మొక్క ఒక కుండీ నూటయాభై పెట్టి కొన్నాను. దాని చుట్టాలు మన వరిచేలల్లో కలుపు. కూలిచ్చి పీకించిన మా నాన్న ఆ ధర విని మూడు రోజులు నాతో మాట్లాడలేదు. ఐదు వారాలు చేపే వెయ్యలేదు. వచ్చిన ప్రతి చుట్టమూ "చేపలేవి?" అన్నవాళ్ళే. బ్యాక్టీరియా పెంచుతున్నానని చెబితే మా అత్తగారు కాఫీ గ్లాసు ముట్టుకోకుండా కింద పెట్టేశారు.

సిద్ధాంతిగారు బావగారితో కలిసి మా ఇంటికీ వచ్చారు. ఫోన్లో దిక్సూచి చూసి, తొట్టి నైరుతిలో ఉంది, ఈశాన్యానికి జరపమన్నారు. మా ఈశాన్యంలో కిటికీ ఉంది, పొద్దుటెండ పడితే వారంలో నాచు పట్టేస్తుందని చెప్పాను. ఈ నీటితోటల పెంపకాన్ని కళగా మార్చిన జపాన్ ఆయన తకాషి అమానో 2015లో లిస్బన్‌లో 40 మీటర్ల పొడవున నీళ్ళల్లో అడవి వేశాడు, 40 మీటర్లని ఏ మూల సర్దాడో మరి. సిద్ధాంతిగారు వినిపించుకోలేదు.

"ఇప్పటికి ఎన్ని పోయాయి?"

"ఒక్కటీ పోలేదండీ. ఏడాదైంది, పన్నెండు నియాన్ టెట్రాలూ ఉన్నాయి."

ఆయన కళ్ళజోడు తీశారు. "మీ చేపలు పనిచెయ్యట్లేదు."

బావగారి మొహం పాలిపోయింది. "మరి మీ ఇంటి దిష్టంతా ఎక్కడికి పోతోందిరా?" అని మా ఆవిడ వైపు జాలిగా చూశారు. శనివారానికల్లా పాలిథిన్ కవర్లో ఉబ్బుకళ్ళ నల్లచేప పట్టుకొచ్చి, నేను వద్దనేలోపు తొట్టిలో వదిలేశారు.

అది రోటాలా మొత్తం తినేసింది, క్రిప్టోకొరైన్లు పీకి పారేసింది. ఇది మన చేలో ఉండుంటే కలుపుకూలీ మిగిలేదన్నారు నాన్న. రెండో వారంలో దాన్ని బాల్కనీలో పెద్ద టబ్బులోకి మార్చాను. పద్నాలుగు నెలలైంది, దున్నపోతులా ఉంది. మంగళవారం ఫోన్లో బావగారు తన లెక్క చెప్పాక, ఆగి అడుగుతారు. "మీ నల్లది ఇంకా పోలేదా?"

"లేదు బావగారూ."

అటునుంచి కాసేపు మాట ఉండదు. తర్వాత గొంతు తగ్గించి, "ఇంట్లో అందరూ బాగానే ఉన్నారు కదా?"