ద్రాక్ష పందిరిగారికి ఓ బహిరంగ లేఖ

అయ్యా పందిరిగారూ,

మీకేం, ఏడడుగుల ఎత్తున రాతి కడీల మీద కాలు మీద కాలేసుకుని కూర్చున్నారు. కింద తలెత్తి మందు కొట్టే మా మెడలే పట్టేస్తున్నాయి.

హైదరాబాద్ చుట్టుపక్కల అనాబ్-ఎ-షాహీ తోటలు వెలిగిన రోజుల్లో మీ దర్జాయే వేరు. బారలు చాచి పాకే ఆ రకానికి కావలసినంత చోటిచ్చారు, టన్నులకు టన్నులు కాయించారు, గుత్తుల్ని ఆకుల కింద దాచి ఎండదెబ్బ తగలనివ్వలేదు. కాదన్నదెవరు? కానీ ఆ గొప్పల లెక్కలో మందుల బిల్లు ఎందుకు రాయరండీ? ఆకు మీద ఆకు కప్పుకుని గాలిని లోపలికి రానివ్వరు, తడి మధ్యాహ్నమైనా ఆరదు. అక్టోబర్‌లో కొమ్మల కత్తిరింపు అయ్యి చిగుళ్లు లేతగా ఉన్నప్పుడు తుపాను వాన పడిందా, ఆకు పైన నూనె మచ్చ, తిప్పి చూస్తే తెల్లటి బూజు, ఆపైన పూతగుత్తులు ఎండి రాలడం. 1885లో ఫ్రాన్సులో మిలార్డే అనే ప్రొఫెసరు ఈ బూజు తెగులుకే మైలుతుత్తం, సున్నం కలిపిన బోర్డో మిశ్రమం మందని చెప్పాడు. పాపం ఆయన మీ కింద నిలబడి తలెత్తి కొట్టుంటే, ఆకుకెంత అందింది, కళ్లల్లో ఎంత పడింది అని కూడా రాసి ఉండేవాడు.

పిండినల్లి పురుగుకైతే మీరు సొంత మేనమామ. బెరడు కింద దాచి, నీడలో పెంచి, చివరికి గుత్తిలోకి సాగనంపుతారు. జిగురు కారి, దాని మీద మసి పట్టిన గుత్తిని కొనేవాడు రెండు వేళ్లతో ఎత్తి చూసి, మాట్లాడకుండా కింద పెట్టేస్తాడు.

అసలు విడ్డూరం ఇంకోటుంది. ఏప్రిల్ కత్తిరింపు తర్వాత వచ్చే కొమ్మల మొగ్గల్లోనే రాబోయే పంట గుత్తులు తయారవుతాయి, వాటికి వెలుతురు కావాలి. ఆ వెలుతురంతా పై ఆకులే మింగేస్తే కింది కొమ్మలు కాపు లేకుండా మిగులుతాయి. అంటే ఏ దిగుబడి చూసుకుని మురిసిపోతున్నారో దానికే మీ నీడ గండి కొడుతోంది!

మహారాష్ట్రలో నాసిక్, సాంగ్లీ వైపు తీగలు పాకించే వై (Y) ఆకారపు కట్టడం చూడండి. రెమ్మల్ని రెండు పక్కలకీ వాల్చి కడతారు, మధ్యలో గాలి ఆడుతుంది, గుత్తులు చేతికందే ఎత్తులో ఉంటాయి. మీ అంత కాపు రాకపోవచ్చు, బూజు అక్కడా వస్తుంది, అబద్ధమెందుకు. కానీ కొట్టిన మందు ఆకుకు తగులుతుంది.

కాబట్టి ఈ ఏప్రిల్ నుంచి షరతులు. రెమ్మల్ని పలచన చేస్తాం, గుత్తుల పక్క ఆకులు తీసేస్తాం, మీ కింద నేల మీద ఎండ కనపడాలి. కుదరదంటే థామ్సన్ రకం ద్రాక్ష తీగల్ని వై మీదకి పంపేసి, మీకు కాకర, సొర పాదులు అప్పజెబుతాం.

ఇట్లు,
మందు స్ప్రేయరు మోసేవాడు