పర్మిషన్ సార్‌కి ఓ బహిరంగ లేఖ

గౌరవనీయులైన పర్మిషన్ సార్ గారికి,

నమస్తే సార్. మీరు ఈ హైదరాబాద్‌లో ఎక్కడ కూర్చుంటారో ఎవరికీ తెలీదు, ఏసీపీ ఆఫీసుకి పోతే డీసీపీ దగ్గరున్నారంటారు, అక్కడికి పోతే ముందు ట్రాఫిక్ వాళ్ల ఎన్‌వోసీ పట్రమ్మంటారు, అది పట్టుకొచ్చేసరికి సారు బందోబస్తులో బిజీ అంటారు. అందుకే ఇట్లా నలుగురి ముందు రాయాల్సొచ్చింది, ఏమనుకోకండి.

ముందు ధర్నాకి పెట్టుకునే మీ అప్లికేషన్ సంగతి. ఎంతమంది వస్తారు, ఏ బండ్లలో వస్తారు, ఎవరెవరు మాట్లాడతారు, సౌండ్ బాక్సులు ఎన్ని, ఏం జరిగినా మాదే బాధ్యత అని అండర్‌టేకింగ్. ఉట్నూరు నుంచో ఆసిఫాబాద్ నుంచో రాత్రంతా బస్సులో కూర్చుని, సద్ది మూటా తుడుం డప్పూ చంకన పెట్టుకుని వచ్చే గోండు పెద్దాయన్ని 'ఎంతమంది' అని అడిగితే ఏం రాయిస్తాడు సార్, 'మా ఊరు' అంటాడు. ఆ గడిలో అంకె మాత్రమే పడుతుందాయె. సరే ఏదో ఒకటి నింపి ఇస్తాం, మీ జవాబు ముందురోజు రాత్రి పదకొండుకి వస్తుంది, 'శాంతిభద్రతల దృష్ట్యా నిరాకరించడమైనది' అని. అప్పుడు పొద్దున్నే వకీలు సాబ్ హైకోర్టుకి ఉరికి లంచ్ మోషన్ (అదే రోజు వినమని అర్జెంటు పిటిషన్) వేస్తే, షరతులతో ఇచ్చేయమని ఆర్డర్ వస్తుంది, కానీ అప్పటికే మా వాళ్లంతా డీసీఎం వ్యాన్ ఎక్కి ఊరి చివర ఏదో స్టేషన్లో బెంచీల మీద కూర్చుని ఉంటారు. అంటే ధర్నాకి పర్మిషన్ ఉంటుంది, ధర్నా చేసే మనుషులు ఉండరు. ఈ టెక్నిక్ మీకు ఎవరు నేర్పారో గానీ మస్తుంది సార్.

రాజ్యాంగంలో 19(1)(బి) అని ఒకటుంది, ఆయుధాల్లేకుండా శాంతియుతంగా గుమికూడే హక్కు అని. అందులో మీ పేరు ఎంత వెతికినా దొరకలేదు. కిందకొస్తే 19(3)లో సహేతుకమైన ఆంక్షలు అనే చిన్న కిటికీ ఉంది, మీరు దాంట్లోంచి దూరి మొత్తం ఇల్లే మీ పేరు మీద రిజిస్ట్రేషన్ చేయించుకున్నారు! మీ చుట్టాలు కూడా అక్కడే సెటిలయ్యారు. గుంపులు కూడొద్దనే సెక్షన్ 144 గారు కొత్త చట్టం రావడంతో 2024 జూలై 1 నుంచి పేరు మార్చుకుని 163 అయ్యారు, ముందస్తు అరెస్టుల 151 గారు 170 అయ్యారు, డ్యూటీ మాత్రం పాతదే. హౌస్ అరెస్ట్ గారైతే కాగితం కూడా లేకుండా పొద్దున్నే వచ్చి గేటు ముందు కుర్చీ వేసుకుంటారు, ఆ కానిస్టేబుల్ అన్నలకి టీలు మనమే పోయాలి (వాళ్లు మాత్రం ఏం చేస్తారు పాపం).

ధర్నా చౌక్ గుర్తుందా సార్? ఉద్యమాలతోనే వచ్చిన రాష్ట్రంలో 2017లో ఇందిరా పార్కు దగ్గర ధర్నాలు బంద్ అన్నారు, వాకింగ్‌కి వచ్చేవాళ్లకి ఇబ్బంది అంట, కావాలంటే ఊరి అవతలకి పోయి అరుచుకోమన్నారు. ఆ మే నెల 15న జనం చౌక్‌ని ఆక్రమించడానికి పోతే, అటువైపు ప్లకార్డులు పట్టుకున్న 'స్థానికుల్లో' మఫ్టీ పోలీసులు ఉన్నారని ఫొటోలతో సహా పేపర్లలో వచ్చింది. తర్వాత హైకోర్టు జోక్యం చేసుకుని తెరిపించింది. ఇక 2021 నవంబర్‌లో, వడ్ల కొనుగోలు మీద కేంద్రాన్ని అడగడానికి అదే చౌక్‌లో స్వయంగా అప్పటి ముఖ్యమంత్రే మహాధర్నాకి కూర్చున్నారు. ఆ రోజు వాకింగ్ వాళ్లు ఎటు పోయారో మరి.

ఇంతవరకు నవ్వుకుంటూనే రాశాను. 1981 ఏప్రిల్ 20 దగ్గర నవ్వు రాదు. ఆదిలాబాద్ జిల్లా ఇంద్రవెల్లిలో ఆరోజు సోమవారం, సంత రోజు. గిరిజన రైతు కూలీ సంఘం మీటింగ్ పెట్టుకుంది, అడిగింది కొత్త కోరికలేం కాదు, దున్నుకుంటున్న భూమికి పట్టా, షావుకార్ల మోసం ఆగాలి, అంతే. మీరు ముందు వచ్చారు, తర్వాత వెనక్కి పోయారు. మీరు పోయిన సంగతి గూడేల్లో ఎవరికి తెలుస్తుంది సార్, కొండలు దిగి కాలినడకన వచ్చేవాళ్లకి ఎవరు చెప్తారు. వచ్చారు, పోలీసులు కాల్చారు. సర్కారు లెక్క 13 మంది, పౌరహక్కుల సంఘాల లెక్క దానికి ఎన్నో రెట్లు. స్తూపం కట్టుకుంటే దాన్ని పేల్చేశారు, మళ్లీ కట్టారు, ఆ స్తూపానికి దండ వేద్దామంటే కూడా ఏళ్లకి ఏళ్లు ఏప్రిల్ 20న అక్కడ మీ చుట్టం 144 గారే కాపలా ఉండేవారు. చచ్చిపోయిన వాళ్ల కోసం ఏడవడానికి కూడా మీ సంతకం కావాలా?

అంతకు నలభై ఏళ్ల ముందు, 1940లో జోడేఘాట్‌లో కొమురం భీం మీద కూడా ఇదే పద్ధతి. అడవిలో పశువులు మేపుకోడానికి, పోడు కొట్టుకోడానికి పర్మిషన్ ఎందుకు అన్నాడు, నిజాం పోలీసులు కాల్చేశారు. ఆ తర్వాత నిజాం సర్కారు హైమెన్‌డార్ఫ్ అనే ఆంత్రోపాలజిస్టుని గోండుల కష్టాలేంటో చూసి రమ్మని పంపింది. ముందు తూటా, తర్వాత సర్వే. ఇప్పుడు భీం ట్యాంక్‌బండ్ మీద విగ్రహమై నిలబడ్డాడు, ఆయన మనవళ్లు ఆ పక్క రోడ్డు మీద నలుగురు కలిసి నడిస్తే మాత్రం మీరు కావాలి.

అసలు విషయానికొస్తా. మీరు రెండు వైపులా పనిచేయాలి కదా సార్? షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమి తీసుకునే ముందు గ్రామసభతో మాట్లాడాలని 1996లో పెసా చట్టం వచ్చింది, అడవి మీద ఎవరి హక్కేంటో తేల్చడం గ్రామసభ దగ్గరే మొదలవ్వాలని 2006 అటవీ హక్కుల చట్టం చెప్పింది. మరి పోడు భూముల్లో కందకాలు కొట్టడానికి జేసీబీ వచ్చినప్పుడు, హరితహారం మొక్కల కోసం జొన్న చేలో గుంతలు తీసినప్పుడు, మీరు ఏ డీసీపీ ఆఫీసులో పడుకున్నారు? అడిగితే ఏమవుతుందో మీకు తెలుసులెండి. ఒడిశా నియమగిరిలో వేదాంత కంపెనీ బాక్సైట్ గని కోసం, సుప్రీంకోర్టు చెప్తే తప్పక, 2013లో అడిగారు. వందకి పైగా ఊళ్లలో ఆ ప్రభుత్వమే 12 ఊళ్లు ఏరుకుని సభలు పెట్టింది. పన్నెండుకి పన్నెండూ వద్దన్నాయి.

కాబట్టి నాదో చిన్న రిక్వెస్ట్. ఇక నుంచి గూడెంలోకి ఫారెస్టు జీపు గానీ, సర్వే టీం గానీ, పోలీసు వ్యాన్ గానీ వచ్చేముందు గ్రామసభకి అప్లికేషన్ పెట్టుకోవాలి. ఎంతమంది వస్తారు, ఏ బండ్లలో, ఎవరెవరు మాట్లాడతారు రాయాలి. పొద్దున పది నుంచి సాయంత్రం నాలుగు వరకే, సైరన్ లేదు, లాఠీ లేదు, ఏం జరిగినా మాదే బాధ్యత అని కలెక్టర్ గారి అండర్‌టేకింగ్, ఇద్దరు జామీనుదారులు. జవాబు ముందురోజు రాత్రి పదకొండుకి వస్తుంది, లంచ్ మోషన్ వేసుకుందామంటే ఆ గూడెంలో హైకోర్టు లేదు, బస్సు కూడా మళ్లీ పొద్దున్నే.

ఇట్లు,
మీ కోసం క్యూలో నిలబడ్డ ఒక నగరవాసి