ఇంకుడు గుంతకు ముహూర్తం

హైదరాబాద్‌లో వాన పడిన ప్రతిసారీ ఇల్లు కట్టుకున్నవాణ్ణి తిట్టడం ఈ మధ్య ఫ్యాషనైపోయింది. ఇది ఘోరమైన అన్యాయం. పాపం, ఆయన చేయగలిగిందంతా చేశాడు. రెండొందల గజాల స్థలంలో చారెడు మట్టి కూడా ఆకాశానికి కనబడకుండా చూసుకున్నాడు. సెట్‌బ్యాక్ అని ప్లాన్‌లో వదిలిన చోట టైల్స్ పరిచాడు. గేటు ముందు ర్యాంపు పోశాడు. ఆ ర్యాంపు మూడడుగులు రోడ్డెక్కిందంటే తప్పు కారు సైజుది. డాబా మీది పైపును నేరుగా వీధిలోకి తిప్పాడు. ఆ నీళ్లన్నీ వీధి చివరి అపార్ట్‌మెంట్ సెల్లార్లోకి చేరి కార్లు తేలితే, పల్లంలో ఫ్లాట్ కొనమని ఈయనేమైనా చెప్పాడా?

ఆయనలోని దానగుణాన్ని కూడా ఎవరూ గుర్తించడం లేదు. హైదరాబాద్‌లో ఏడాదికి సుమారు 800 మిల్లీమీటర్ల వాన పడుతుంది. రెండొందల గజాల డాబా మీద పడేది దాదాపు 1,30,000 లీటర్లు. అంటే 5,000 లీటర్ల ట్యాంకర్లు 26. అన్నిటినీ పైసా ఆశించకుండా వీధికి ధారపోసి, ఏప్రిల్లో బోరు బుస్సుమన్నాక ట్యాంకరువాడికి ఫోన్ చేసి, వాడు ‘రేపు చూద్దాం సార్’ అంటే బతిమాలుకుంటాడు. ట్యాంకరువాడి కుటుంబం, బోర్ల బండివాడి కుటుంబం చల్లగా ఉండాలని కోరుకునే ఇలాంటి మనిషిని పట్టుకుని ఇంకుడు గుంత తవ్వమనడం ఏం న్యాయం?

అయినా ప్రభుత్వం వినలేదు. 2002లో నీరు, నేల, చెట్లను కాపాడేందుకు వాల్టా చట్టం తెచ్చింది. 2012 భవన నిబంధనల్లోనూ వాన నీటి సంరక్షణను చేర్చింది. చట్టాన్ని గౌరవించడంలో మనవాళ్లను మించినవారు లేరు కాబట్టి ప్రతి ప్లాన్‌లోనూ గుంత వచ్చింది. చక్కని గీతలు, కొలతలు, బాణం గుర్తు. ప్లాన్‌లో ఉన్నది నేలమీద కూడా ఉండాలని పట్టుబట్టడం మాత్రం అతి.

కొందరు నిజంగానే తవ్వించారు. అలాంటిదొకటి ఒక అపార్ట్‌మెంట్‌లో చూశాను. మూత మీద స్కూటర్ పార్క్ చేసి ఉంది. దాన్ని జరిపి మూత ఎత్తితే లోపల విరిగిన టైల్స్, గడ్డకట్టిన సిమెంటు బస్తా, ఒక పాత చెప్పు. అడుగున పెద్ద రాళ్లు, ఆపైన కంకర, అన్నిటికీ పైన ఇసుక ఉండాలట. ఏటా వానలకు ముందు ఇసుక మీద పేరుకున్న బురద తీయాలట. ‘గుంతకు కూడా మెయింటెనెన్సా?’ అన్నారు సెక్రటరీ గారు. ఆయన టెన్షన్ అనవసరం. డాబా పైపును ఆ గుంతకు అసలు కలపనే లేదు.

అమెరికాలోని ఫిలడెల్ఫియాలో వాణిజ్య స్థలాలకు నీళ్లు ఇంకని నేల ఎంత ఉందో కొలిచి, దాన్నిబట్టి నెలనెలా వాననీటి బిల్లు వేస్తారు. నీటిని తమ స్థలంలోనే ఆపుకుంటే బిల్లు తగ్గుతుంది, ఆ పనికి గ్రాంటు కూడా ఇస్తారు. అక్కడ చెల్లుతుందేమో. ఇక్కడ టేపు పట్టుకుని వచ్చినవాడికి ముందు కాఫీ, తర్వాత కార్పొరేటర్ ఫోన్ తప్పవు.

అందుకే నాదొక మనవి. ఈ ఇంకుడు గుంతల వ్యవహారాన్ని వాస్తు సిద్ధాంతులకు అప్పగించండి. జీవో వస్తే మినహాయింపు వెతికే మనిషి, సిద్ధాంతి చెబితే మెట్లు పగలగొట్టి మళ్లీ కట్టిస్తాడు. కొత్తగా శాస్త్రం రాయాల్సిన పని కూడా లేదు. ఈశాన్యం పల్లంగా ఉండాలి, నీళ్లు అక్కడే ఉండాలి అని ఎప్పటినుంచో ఉన్నదే. ‘ఈశాన్యంలో ఇంకుడు గుంత లేని ఇంట్లో పిల్లలకు వీసా రాదు’ అని ఒక్క మాట చేరిస్తే చాలు, కూకట్‌పల్లి నుంచి ఎల్బీనగర్ దాకా వారంలో కంకర రేటు పెరిగిపోతుంది. బురద పేరుకుంటే లక్ష్మి లోపలికి రాలేదంటే, రోహిణి కార్తె పోకముందే సెక్రటరీ గారే స్వయంగా స్కూటర్ జరిపిస్తారు.

ఒక్కటే చిక్కు. చాలా అపార్ట్‌మెంట్లలో ఈశాన్యం మూలను బిల్డరు ఎప్పుడో పార్కింగ్ కింద అమ్మేశాడు. దానికి దోష పరిహారం ఏమిటో, ఎంతవుతుందో సిద్ధాంతులే తేల్చాలి.