ఒక్క మ్యాచ్‌తో తేల్చేస్తే ఎలా?

గెలిస్తే మనవాళ్ల ఆట, ఓడితే మన గ్రహచారం. ఒడిశాలో ఆంధ్ర సరిహద్దునున్న మన పర్లాకిమిడిలో ఫుట్‌బాల్ కబుర్లు ఎటు తిరిగినా చివరికి వచ్చి ఆగేది ఇక్కడే. 2024 ఏప్రిల్ 19న భువనేశ్వర్ కళింగ స్టేడియంలో ఒడిశా ఎఫ్‌సీ జట్టు ఐఎస్‌ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) నాకౌట్ మ్యాచ్‌లో, అంటే ఓడితే ఇంటికే అనే ఆటలో, కేరళ బ్లాస్టర్స్‌ని 2-1తో ఓడించింది. ఆ రాత్రి "చూశారా మనవాళ్ల దెబ్బ" అన్న నోళ్లే, తొమ్మిది రోజులు తిరిగేసరికి కోల్‌కతాలో మోహన్ బగాన్ చేతిలో ఓడిపోగానే "అంతా లక్ అండీ, ఆటదేముంది" అనేశాయి. (ఒడిశా జట్టు తెలుగువాళ్లకి మనవాళ్లు ఎప్పుడయ్యారని అడక్కండి. గెలిచిన రోజున అవుతారు.)

ఆ రెండు మ్యాచ్‌లూ కాస్త దగ్గరగా చూడండి. కేరళతో ఆటలో 67వ నిమిషంలో వాళ్ల చెర్నిచ్ కొట్టిన గోల్‌తో మనం వెనకబడ్డాం. 87వ నిమిషం దాకా అదే స్కోరు. అప్పుడు డియెగో మౌరిసియో సమం చేశాడు, అదనపు సమయంలో 98వ నిమిషంలో ఇసాక్ రెండోది కొట్టాడు. 87వ నిమిషంలో ఆ బంతి జానెడు పక్కకి పోయి ఉంటే కోచ్ లొబేరా మేధావితనం గురించి ఎవరూ మాట్లాడేవారు కాదు. తర్వాత మోహన్ బగాన్‌తో సెమీఫైనల్, రెండు మ్యాచ్‌ల గోల్స్ కలిపి లెక్క. ఇక్కడ 2-1తో గెలిచి, అక్కడ 0-2తో ఓడాం. ఆ రెండో గోల్ 90 నిమిషాలు దాటాక సహల్ అబ్దుల్ సమద్ కొట్టినది. అవే కాళ్లు, అదే కోచ్. ఒకచోట ఆఖరి నిమిషాలు మనకి కలిసొచ్చాయి, ఇంకోచోట ఎదురుతిరిగాయి.

అయితే ఒక సంగతి మరిచిపోతున్నాం. కేరళతో మ్యాచ్ భువనేశ్వర్‌లో జరగడం లాటరీలో తగల్లేదు. లీగ్‌లో ఒడిశా నాలుగో స్థానంలో నిలిచింది, కేరళ ఐదులో. పైనున్న జట్టు సొంత గ్రౌండ్‌లో ఆడాలన్నది ఆ సీజన్ నిబంధన. నెలల తరబడి ఆడి సంపాదించుకున్న గ్రౌండ్ అది.

నా లెక్క ఇది. ఇద్దరు సమ ఉజ్జీలు తలపడేదాకా తీసుకొచ్చేది పనితనం. వెంట్రుకవాసిలో తేలిపోయే ఆ ఒక్క మ్యాచ్‌లో మాత్రం అదృష్టానిదే పెద్ద వాటా. ఇది ఫుట్‌బాల్‌ని చిన్నచూపు చూడటం కాదు, ఆ ఆట స్వభావమే అంత. 2022 ప్రపంచ కప్‌లో 64 మ్యాచ్‌లకి పడిన గోల్స్ 172. మ్యాచ్‌కి మూడు కూడా లేవు. వన్డే క్రికెట్‌లో ఒక తప్పుడు ఎల్‌బీడబ్ల్యూ ఇచ్చినా మిగిలిన వందల బంతుల్లో అది కలిసిపోతుంది. ఇక్కడ ఒక్క డిఫెండర్ మోకాలికి తగిలి మళ్లిన బంతితోనే ఇంటికి పోవాలి. మెరుగైన జట్టుకి ఉన్న ఆధిక్యం బయటపడాలంటే చాలా ఆటలు కావాలి, తొంభై నిమిషాలు దానికి సరిపోవు.

నమ్మకపోతే ఐఎస్‌ఎల్ రికార్డే చూడండి. లీగ్‌లో మొదటి స్థానానికి షీల్డ్, ఆ తర్వాత జరిగే నాకౌట్ పోటీలు (ప్లేఆఫ్) గెలిచినవాళ్లకి కప్పు అని 2019-20 నుంచి ఇవ్వడం మొదలైంది. 2024-25 దాకా ఆరు సీజన్లలో రెండూ ఒకే జట్టు ఎత్తుకుపోయింది రెండుసార్లే: 2020-21లో ముంబై సిటీ, 2024-25లో మోహన్ బగాన్. మిగతా నాలుగుసార్లూ ఏడాదంతా బాగా ఆడిన జట్టు ఒకటి, కప్పు పట్టుకుని ఫొటో దిగిన జట్టు ఇంకొకటి.

2021-22లో ఆ కప్పు హైదరాబాద్‌కి వచ్చింది, షీల్డ్ జంషెడ్‌పూర్‌ది. గోవాలో జరిగిన ఆ ఫైనల్ తెలుగువాళ్లు అంత తొందరగా మరిచిపోరు. కేరళ ముందుండగా 88వ నిమిషంలో సాహిల్ తవోరా సమం చేశాడు, 1-1. తర్వాత పెనాల్టీ కిక్‌ల టై బ్రేకర్‌లో హైదరాబాద్ గోల్‌కీపర్ కట్టిమని ముగ్గురి కిక్‌లు ఆపాడు. అందులో నిషు కుమార్‌ది ఆపితే, లైన్ దాటి ముందుకొచ్చావని రిఫరీ మళ్లీ కొట్టించాడు. మళ్లీ ఆపాడు! దాన్ని గుడ్డి అదృష్టం అంటే కళ్లు పోతాయి. కానీ పెనాల్టీ కిక్‌లు మామూలుగా నాలుగింట మూడు గోల్ అవుతాయి. అయిదేసి కిక్‌లతో ఎవరి సత్తా ఎంతో తూచడం కుదిరే పని కాదు. కట్టిమని గొప్ప కీపరే, హైదరాబాద్ ఆ ఏడాది గొప్పగా ఆడింది కూడా. అలాగని ఆ రాత్రి ఓడిన కేరళ పనికిమాలిన జట్టు అయిపోదు. నేను అనేది అంతే.

టై బ్రేకర్ అన్యాయం అనేవాళ్లు అంతకుముందు ఏముండేదో తెలుసుకోవాలి. 1968 యూరో కప్ సెమీఫైనల్లో ఇటలీ, సోవియట్ యూనియన్ నేపుల్స్‌లో 0-0తో ఆగిపోతే నాణెం ఎగరేసి ఇటలీని ఫైనల్‌కి పంపారు. ఆ ఇటలీయే కప్పు గెలిచింది. రెండేళ్లకి, 1970లో, పెనాల్టీ షూటౌట్ నిబంధనల్లోకి వచ్చింది. అమెరికావాళ్ల ఫుట్‌బాల్ వేరే ఆటే అయినా నాణెం గొడవ వాళ్లకీ తప్పలేదు. డల్లాస్‌లో ఉన్న మా మేనల్లుడు ఇప్పటికీ గింజుకుంటాడు: 2022 జనవరి 23న కాన్సస్ సిటీ చీఫ్స్, బఫెలో బిల్స్ ప్లేఆఫ్‌లో 36-36 దగ్గర ఆగారు. అదనపు సమయానికి టాస్ చీఫ్స్ గెలిచింది, మొదటి దాడిలోనే టచ్‌డౌన్ కొట్టింది (బంతిని అవతలివాళ్ల చివరి గీత దాటించింది), అప్పటి నిబంధన ప్రకారం అక్కడితో ఆట అయిపోయింది. బఫెలో వాళ్ల దాడి బృందం చేతికి బంతే రాలేదు. రెండు నెలలకే ప్లేఆఫ్‌లలో రెండు జట్లకీ బంతి దక్కేలా నిబంధన మార్చారు. వాళ్లు ఓడినవాళ్లని తిట్టి ఊరుకోలేదు, పద్ధతి సరిచేసుకున్నారు. నాకు నచ్చింది అదే.

అదృష్టం అంటే చేతులు ముడుచుకు కూర్చోవడమని కూడా అనుకోకండి. భారత జట్టు కోచ్, హైదరాబాద్ రహీం సాబ్ కథ పాత తరానికి తెలుసు. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో మన జట్టు గ్రూపు దశలో దక్షిణ కొరియా చేతిలో 0-2తో ఓడింది. ఆ తర్వాత డిఫెండర్ జర్నైల్ సింగ్‌కి తల పగిలి కుట్లు పడ్డాయి. మామూలు కోచ్ అయితే తలరాత అని పక్కన కూర్చోబెట్టేవాడు. రహీం అతన్ని ముందు నిలబడి గోల్స్ కొట్టే సెంటర్ ఫార్వర్డ్‌గా దింపాడు. ఫైనల్లో అదే కొరియా మీద 2-1తో గెలిచి బంగారు పతకం తెచ్చారు, అందులో ఒక గోల్ ఆ కుట్ల తలవాడిదే. పది రోజుల్లోపు అవే రెండు జట్ల మధ్య రెండు రకాల ఫలితాలు. గ్రూపు మ్యాచ్ చూసి రహీంని ఇంటికి పంపేసి ఉంటే ఏమయ్యేది?

ఇక అసలు విషయానికి వస్తాను. సంక్రాంతి ముందు మన ఊరి సంఘం నడిపే కుర్రాళ్ల టోర్నమెంటు ఎనిమిది జట్లది. రెండు రోజులు, ఓడితే ఇంటికి. ఇరవై ఇరవై నిమిషాల ఆట, సమమైతే నేరుగా టై బ్రేకర్. పెద్దవాళ్ల తొంభై నిమిషాలకే దిక్కులేదంటే, నలభై నిమిషాల్లో ఏం తేలుతుంది? కాశీనగర్ నుంచి, గుణుపురం నుంచి, పాతపట్నం నుంచి, మహేంద్రగిరి పక్క సవర ఊళ్ల నుంచి పిల్లలు పికప్ వ్యాన్లలో నిలబడి వస్తారు. అందులో సగంమంది ఒక్క మ్యాచ్ ఆడి, పొట్లం అన్నం తిని, మధ్యాహ్నానికి వెనక్కి పోతారు.

పోయినసారి ఒక సెమీఫైనల్ 0-0. టై బ్రేకర్ మొదలయ్యేసరికి అయిదు దాటింది, వెలుగు పలచబడింది. పొద్దుటి నుంచి తన్నీ తన్నీ పెనాల్టీ స్పాట్ దగ్గర గుంట పడింది, సున్నం జాడ లేదు. ఒక కుర్రాడు బంతిని గుంటకి బెత్తెడు ముందు పెట్టుకుంటే రిఫరీ వెనక్కి జరిపించాడు. రూలు ప్రకారం సరైనదే. గుంటలోంచి తన్నిన బంతి క్రాస్ బార్ మీదుగా ప్రహరీ అవతల పడింది. వాళ్ల ప్రత్యర్థి కుర్రాడు కొట్టింది పోస్టుకి తగిలి లోపలికి పోయిందో బయటికి పోయిందో ఎవరికీ తెలీదు, గోల్‌కి నెట్ లేదు. పది నిమిషాలు వాదించుకుని గోల్ ఇచ్చారు, మొదటి కుర్రాడి జట్టు ఓడింది. పక్కన నిలబడ్డ పెద్దాయన ఒకరు "ఏటి బాబూ, ఈ పిల్లలకి లక్కు లేదంతే" అన్నారు. ఆడిన రెండు మ్యాచ్‌ల్లోనూ ఆట సమయంలో ఒక్క గోల్ పడనివ్వని జట్టది. ఆ జట్టుని తయారుచేసిన డ్రిల్లు మాస్టారిని మరుసటి నెల ఆ పనిలోంచి తప్పించారు. కారణం ఓటమేనట.

పిల్లలు ఓడితే ఏడుస్తారు, రెండు రోజుల్లో మరిచిపోతారు. నాకు బాధ పెద్దవాళ్ల తీర్పుల గురించే. గెలిచిన జట్టులో ఏ తప్పులున్నాయో ఎవరూ చూడరు. ఓడిన జట్టులో ఏం బాగుందో అంతకన్నా చూడరు. జిల్లా సెలక్షన్‌కి పేర్లు పంపేటప్పుడు కూడా ఫైనల్ ఆడిన రెండు జట్ల నుంచే తీసుకుంటున్నాం.

అందుకని కార్యవర్గానికి నా మనవి: ఎనిమిది జట్లని నాలుగేసి చొప్పున రెండు గ్రూపులు చేద్దాం. గ్రూపుకి ఆరు మ్యాచ్‌లు, ఆపైన రెండు సెమీస్, ఒక ఫైనల్, మొత్తం పదిహేను. ఇప్పుడు ఆడేది ఏడే. ఏ జట్టయినా కనీసం మూడు మ్యాచ్‌లు ఆడి వెళ్తుంది. నాకౌట్ టెన్షన్ లేకపోతే జనం రారని కొందరంటున్నారు. సెమీస్, ఫైనల్ ఉంటాయి కదా, ఆ మజా నేనూ వదులుకోలేను. ఆ మూడు మ్యాచ్‌ల్లో టై బ్రేకర్‌కి ముందు పది నిమిషాల అదనపు ఆట పెడితే చాలు. సెలక్షన్‌కి పేర్లు మాత్రం గ్రూపు మ్యాచ్‌లన్నీ చూసినవాళ్లు రాయాలి.

దీనికి గ్రౌండ్ మూడో రోజు కూడా కావాలి, రిఫరీల భత్యం పెరుగుతుంది, పిల్లలకి ఇంకో రోజు భోజనాలు పెట్టాలి. భోజనాల ఖర్చు నేను పెట్టుకుంటాను. గోల్ పోస్టులకి నెట్లు మాత్రం సంఘమే కొనాలి.