ఆ తలలు చెక్కింది అక్కడోళ్లే

మెక్సికోలో దొరికిన పెద్ద పెద్ద రాతి తలల ఫోటో పెట్టి, ఇవి మన మయాసురుడు చెక్కించినవి అని ఒకరు, కాదు ఆఫ్రికా నుంచి ఓడల్లో వచ్చినోళ్లు చెక్కారని ఇంకొకరు, అసలు ఏలియన్లే దిగారని మరొకరు, ఈ గోల ఎప్పటికీ తెగదు. ముగ్గురూ కలిసి చెప్పేది మాత్రం ఒక్కటే, అక్కడి జనానికి అంత సీన్ లేదని. మాకు అభ్యంతరం అక్కడే.

ఇప్పటిదాకా దొరికినవి 17 తలలు. శాన్ లోరెంజోలో 10, లా వెంటాలో 4, మిగతా మూడు ట్రెస్ సపోటెస్, లా కొబాటా దగ్గర, అన్నీ మెక్సికో గల్ఫ్ తీరం వైపే. చెక్కినవాళ్లని ఇప్పుడు ఓల్మెక్‌లు అంటున్నాం. శాన్ లోరెంజో బాగా వెలిగింది క్రీ.పూ. 1200 నుంచి 900 దాకా, అంటే మనం ఫోటోల్లో చూసే, మెక్సికో వైపు మాయా నాగరికత వాళ్ల నగరాల వైభవానికి వెయ్యేళ్ల పైమాటే ముందు. మయుడు, మాయా అని పేర్లు కలిశాయి కదా అని లంకె పెట్టేసేవాళ్లు ముందు ఈ లెక్క చూసుకోవాలి.

ఇక ఆ రాయి సంగతి. శాన్ లోరెంజో దగ్గర బసాల్ట్, అంటే ఆ గట్టి నల్లరాయి, దొరకదు, టుస్ట్లా కొండల నుంచి తేవాలి, దూరం దాదాపు 60 కిలోమీటర్లు. శాన్ లోరెంజో మొదటి తల ఎత్తు 2.84 మీటర్లు, బరువు 25 టన్నులు, మన పన్నెండు టైర్ల లారీకి ఫుల్ లోడు అన్నమాట. ఎద్దు లేదు, గుర్రం లేదు, బండి లేదు, ఇనుప ఉలి అసలే లేదు. రాయిని రాయితోనే కొట్టి, రాయితోనే అరగదీసి కనురెప్ప దాకా తెచ్చారు. తాళ్లు కట్టి లాగారా, ఏట్లో తెప్పల మీద తెచ్చారా అని పండితులు ఇంకా వాదించుకుంటున్నారు గానీ లాగిన చేతులు ఎవరివన్నదాంట్లో వాళ్లకి పేచీ లేదు. శాన్ లోరెంజోలో బసాల్ట్ పని చేసిన చోటు కూడా తవ్వకాల్లో బయటపడింది, పాత రాతి సింహాసనాన్నే మళ్లీ చెక్కి తల చేసిన గుర్తులు కొన్నిటి మీద ఇప్పటికీ ఉన్నాయి. దిగుమతి చేసుకున్న పనైతే ఇంత పొదుపు ఎందుకండీ?

ఆఫ్రికా కథ పాతదే. 1862లో ట్రెస్ సపోటెస్ తలని చూసిన హోసె మెల్గార్ అనే యాత్రికుడు, 1869లో దాని గురించి రాస్తూ ముఖం ఇథియోపియా వాళ్లలా ఉందన్నాడు, అంతే, నూటయాభై ఏళ్లుగా అదే పాట. ఆ వెడల్పు ముక్కు, ఆ మందపాటి పెదాలు ఆ తీరం జనంలో ఇవాళ్టికీ కనిపిస్తాయి. పైగా ఏ రెండు తలలూ ఒకేలా ఉండవు, ఒక్కోదానికి ఒక్కో తలపాగా, ఒక్కో గుర్తు, అందుకే ఇవి ఫలానా ఫలానా పాలకుల ముఖాలే అని ఎక్కువమంది పరిశోధకుల మాట. లా కొబాటా తలైతే కళ్లు మూసుకుని ఉంటుంది, మాకు బాగా నచ్చింది అదే.

మయాసురుడి మీద మాకేం కోపం లేదు, భారతంలో ఆయన కట్టిన సభ చాలు ఆయన పేరు నిలవడానికి. వీడియోలు చేసేవాళ్లని మేం అడిగేదల్లా ఒక్కసారైనా ఓల్మెక్ అన్న పేరు పలకమని. శాన్ లోరెంజో మొదటి తల ఎలా దొరికిందో కూడా చెప్పొచ్చు, దాని మీదుగా పోయే కాలిబాట అరిగి అరిగి ఒకరోజు మట్టిలోంచి ఓ రాతి కన్ను పైకి చూసింది, 1945లో అమెరికా పురావస్తు పరిశోధకుడు మాథ్యూ స్టిర్లింగ్ అక్కడికి వెళ్లింది ఆ కన్ను వల్లే.