చెల్లెలి సంతకం రేటు ఒక పట్టుచీరేనా?

చేవెళ్ల, షాద్‌నగర్, శంకర్‌పల్లి వైపు భూముల రేట్లు పెరిగాక అన్నదమ్ములకు అక్కచెల్లెళ్ల మీద ప్రేమ పొంగుకొస్తోంది. కొనేవాళ్ల వకీలు "ఆడపిల్లల సంతకాలు కూడా కావాలి" అన్న రోజు నుంచి ఒకటే ఫోన్లు. రిజిస్ట్రేషన్‌కు కారు పంపిస్తారు, ఒక పట్టుచీర, కొంత డబ్బు చేతిలో పెడతారు. కోట్లు అన్న ఖాతాలో పడతాయి. మా చుట్టాల్లోనే ఇవన్నీ చూసి చూసి ఒళ్లు మండి రాస్తున్నా.

ఇదేంటని అడిగితే "పెళ్లికి కట్నం ఇచ్చాం కదా" అంటారు. ఎవరికిచ్చారు బాబూ? ఆ డబ్బు అత్తగారింటికి పోయింది, ఆమె పేరున గుంట భూమి కూడా రాలేదు. పైగా 1961 చట్టం ప్రకారం కట్నం తీసుకోవడమే కాదు, ఇవ్వడమూ నేరమే. నలుగురిలో ఎంత ధీమాగా ఒప్పుకుంటారో!

చట్టమేమో నిన్న మొన్నటిది కాదు. హిందూ వారసత్వ చట్టానికి ఎన్టీఆర్ ప్రభుత్వం తెచ్చిన సవరణతో 1985 సెప్టెంబర్ 5 నుంచే ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమాన వాటా ఉంది. అప్పటికే పెళ్లయినవాళ్లను మాత్రం పక్కన పెట్టారు. 2005లో కేంద్రం ఆ తేడా కూడా తీసేసింది. ఆ సవరణ నాటికి తండ్రి బతికి ఉండాల్సిన పని లేదని 2020లో వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు తేల్చేసింది. తండ్రి స్వార్జితమైతే వీలునామా ఆయన ఇష్టం. రాయకుండా పోతే అక్కడా కూతురికి, తల్లికి సమాన వాటాలే.

ఊళ్లో జరిగేది వేరు. చనిపోయినవాళ్ల భూమిని వారసుల పేరుకు మార్చడాన్ని విరాసత్ అంటారు. దినాలు కాగానే "విరాసత్ తమ్ముడి పేరున చేయిద్దాం, లేకపోతే రైతుభరోసా ఆగిపోతుంది" అని తల్లితోనే చెప్పిస్తారు. నాట్లు, కలుపు, పత్తి ఏరడం ఆడవాళ్లవి, పాస్‌బుక్ మగవాళ్లది. 2015-16 వ్యవసాయ గణన ప్రకారం దేశంలో మహిళల చేతిలో ఉన్న కమతాలు దాదాపు 14 శాతమే.

వాటా అడిగితే బతుకమ్మకు పిలవరేమో, అన్న మాట్లాడడేమో అన్న భయం చిన్నది కాదు. అందుకే వదులుకున్నవాళ్లను నేను తప్పుపట్టను. కానీ తలుపు మూసేది అన్న అయితే, పుట్టిల్లు పోగొట్టుకుందన్న నింద చెల్లెలికెందుకు?

సంతకానికి పిలిస్తే ఆ కాగితం ముందే వాట్సాప్‌లో తెప్పించుకోండి. అందులో హక్కు విడుదల అని, అంటే మీ వాటా వదులుకుంటున్నట్టు ఉంటే, రిజిస్టర్ అయ్యాక వెనక్కి తెచ్చుకోవడం చాలా కష్టం. ఎన్ని ఎకరాలు, ఎంతకు అమ్ముతున్నారో అడగండి. తొందరపెడితే, మన వకీలు చూసేదాకా పెన్ను పట్టనని చెప్పేయండి.