తిరుమల డ్యాముల్లో నీటిమట్టం ఒక్కటే చూస్తే చాలదు

తిరుమల డ్యాముల గురించి వార్త వచ్చిందంటే అది నీటిమట్టం గురించే: ఎంత నిండింది, ఎన్ని రోజులకు సరిపోతుంది. గోగర్భం, ఆకాశగంగ, పాపవినాశనం, జంట డ్యాములైన కుమారధార, పసుపుధార నిలబడిన రాయి ఊసు ఎవరూ ఎత్తరు. భద్రత కోణంలో మొదట అడగాల్సింది దాని గురించే.

కొండ పైభాగం క్వార్ట్‌జైట్. దానికీ అడుగునున్న గ్రానైట్‌కీ మధ్య దాదాపు 80 కోట్ల ఏళ్ల అంతరం ఉందని భూగర్భ సర్వే సంస్థ లెక్క. ఘాట్ రోడ్డు పక్కన ఆ హద్దు కంటికే కనిపిస్తుంది. క్వార్ట్‌జైట్ చాలా గట్టి రాయి, కాకపోతే నిలువునా పగుళ్లుంటాయి. బలహీనంగా ఉన్న చోటల్లా కోతకు గురై రాలిపోగా మిగిలిందే శిలాతోరణం.

అలాంటి పగుళ్లు డ్యాం పునాదిలో ఉంటే నీరు కారిపోవడం చిన్న నష్టమే. గ్రావిటీ డ్యాం తన బరువు మీదే నిలబడుతుంది. పగుళ్లలో చేరిన నీరు అడుగు నుంచి పైకి తంతే ఆ మేరకు బరువు తగ్గినట్టే. అందుకే పగుళ్లలోకి సిమెంటు గ్రౌటింగ్ చేసి, అంటే సిమెంటు ద్రావణాన్ని ఒత్తిడితో ఎక్కించి, దాని దిగువన నీరు బయటికి పోవడానికి డ్రెయిన్ రంధ్రాలు వేస్తారు. కాంక్రీటు నుంచి కరిగి వచ్చే సున్నం పేరుకుని ఆ రంధ్రాలు పూడుకుపోతుంటాయి. అప్పుడు ఊట, అంటే పునాది నుంచి కారి బయటికి వచ్చే నీరు, తగ్గుతుంది, పైకి అంతా బాగున్నట్టే ఉంటుంది, లోపల మాత్రం ఒత్తిడి పెరుగుతుంది. ఊట తగ్గిందని సంతోషించే ముందు రంధ్రాలు తెరిచి చూడాలి.

ఊటను కొలవడానికి 90 డిగ్రీల వీ-నాచ్, అంటే నీరు పారే దారికి అడ్డంగా పెట్టే, V ఆకారంలో కోసిన పలక, చాలు. నాచ్‌లో నీరు 5 సెంటీమీటర్ల ఎత్తుంటే సెకనుకు సుమారు 0.8 లీటరు, 10 సెంటీమీటర్లుంటే 4.4 లీటర్లు. ఎత్తు రెట్టింపైతే ఊట అయిదింతలు దాటుతుంది కాబట్టి కంటి అంచనాను నమ్మకూడదు. నీరు మట్టి రంగుకు తిరిగితే అది ఇంకా పెద్ద ప్రమాదం, పునాదిలోని మెత్తని పదార్థం కొట్టుకొస్తోందన్నమాట.

పూడిక సంగతీ ఉంది. చదరపు కిలోమీటరు మీద 1 మిల్లీమీటరు వాన పడితే 10 లక్షల లీటర్లు. ఈశాన్య రుతుపవనాల్లో ఆ నీరు వాలు వెంట ఉరుకుతుంది. పైన అడవి పలచబడితే మట్టినీ మోసుకొచ్చి డ్యాంలో నింపుతుంది, అప్పుడు అదే మట్టం దగ్గర ఉండే నీరు తగ్గుతుంది.

నీటిమట్టం ప్రకటిస్తున్నప్పుడు పక్కనే ఊట రీడింగ్ కూడా ఇవ్వడం కష్టమేమీ కాదు. కిందటేడు ఇదే మట్టం దగ్గర ఊట ఎంతుందో కూడా చెబితేనే ఆ అంకెకు అర్థం ఉంటుంది.